పిన్ని చేతిలో సైకిల్ పంపు

ఆ రోజుల్లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఇంట్లో ఉన్నాడంటే ఫ్యాను దగ్గర్నుంచి మిక్సీ దాకా ఏదీ నమ్మకంగా తిరిగేది కాదు. నేను వట్లూరు కాలేజీలో చదువుతూ, సెలవులకి తాడేపల్లిగూడెంలో బాబాయి ఇంట్లో దిగేవాణ్ణి. బాబాయిది మెకానిక్ షెడ్డు. విశాఖలో ఓడల మీద పనిచేసే స్నేహితుడొకాయన వదిలించుకున్న పాత జపాను కారు ఆయన చేతికొచ్చింది. దాని ఇంజనులో పిస్టన్లుండవు, మూడు మూలల దిమ్మ గిరగిరా తిరుగుతుంది. (ఊళ్ళో మెకానిక్కులంతా వచ్చి చూసి, టీ తాగి, తల గోక్కుని వెళ్ళారు.) బాబాయికి అది ప్రాణం. పిన్నికి మాత్రం దాన్ని చూస్తే ఒళ్ళు మంట. "ఏవండీ, ఏడాదై వాకిట్లో పడుంది, బట్టలారేసుకోడానిక్కూడా చోటు లేదు. ఈ ఆదివారం చర్చి అయ్యాక ఇందులో తణుకు మా అక్క వాళ్ళింటికి తీసుకెళ్ళండి. వెళ్ళలేకపోయిందా, ఎవరికైనా ఇచ్చేయండి" అని తేల్చి చెప్పేసింది.

కారు నడవక కాదు. ఇంజను పక్కన గాలి పంపొకటి కీచుమంటోందని మేమిద్దరం విప్పి పారేశాం. "పొగ గొట్టంలోకి గాలి ఊదడానికేరా అది. మన గూడెంలో పొగనెవడు కొలుస్తాడు?" అన్నాడు బాబాయి. నేనూ పెద్ద ఇంజనీరులా తలూపాను. కీచు పోయింది, దాంతోపాటు ఊపూ పోయింది. ఎంత తొక్కినా ఆటోలు మమ్మల్ని దాటిపోయేవి. కాలేజీ లైబ్రరీలో పుస్తకం తిరగేస్తే అసలు సంగతి తెలిసింది. వేగం పెరిగినప్పుడు ఇంజనుకి గాలి ఎక్కువ కావాలి, అప్పుడు తెరుచుకునే దారులు రెండు అదనంగా ఉన్నాయట. వాటిని తెరిచే చిన్న డబ్బాలు పనిచేసేది మేం విప్పేసిన పంపు గాలితోనేనట. ఆ పంపు అప్పటికే పాత ఇనుము బండెక్కి వెళ్ళిపోయింది.

శనివారం సాయంత్రం కొల్లేరు నుంచి చేపల చెరువులున్న ఆసామి ఒకాయన కారు కోసం వచ్చాడు. ఇంజను విప్పి పడవకి పెట్టుకుంటాడట. ఆదివారం ఎలాగూ పరువు పోతుందని బాబాయి ముందే చేతులెత్తేశాడు. "రేపు సాయంత్రం లారీ పంపండి, ఇచ్చేస్తాను" అని మాటిచ్చేశాడు.

ఆదివారం పొద్దున్న పిన్ని సైకిలుకి గాలి కొడుతుంటే నాకు బుర్ర వెలిగింది. సైకిల్ పంపు గొట్టం పొడుగు చేసి ఆ డబ్బాలకి తగిలించాను, పంపు పట్టుకుని వెనక సీట్లో పిన్ని పక్కన కూర్చున్నాను. డబ్బాల్లో గాలి ఇట్టే కారిపోయేది, అందుకని దారులు తెరిచి ఉండాలంటే కొడుతూనే ఉండాలి. గూడెం దాటాక "కొట్టరా" అన్నాడు బాబాయి. కొట్టాను. కారు ఒక్కసారిగా గొంతు మార్చి ముందుకి దూకింది. రెండు మైళ్ళకే నా చేతులు పడిపోయాయి.

"ఇటివ్వరా. నీ చదువు చేతులకి అదెక్కడవుతుంది" అని పిన్ని పట్టుచీర కొంగు దోపుకుని పంపు లాక్కుంది. తణుకు దాకా ఆవిడే కొట్టింది. ఎప్పుడు కొట్టాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. "ఏవండీ, దాని గొంతు మారుతోంది. ఇప్పుడు కొట్టనా?" అనేది. "కొట్టు" అనేవాడు బాబాయి. లారీలు వెనకబడిపోతుంటే పిన్ని చిన్నపిల్లలా నవ్వింది. అంతలా నవ్వగా నేనెప్పుడూ చూళ్ళేదు.

తిరిగొచ్చేసరికి వాకిట్లో లారీ ఉంది.

"మాటిచ్చేశారా?" అంది పిన్ని.

"ఇచ్చేయమన్నావుగా."

"అన్నాను" అంది, పంపు చంకలో పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది. ఉంచుకుందామని ఆయన అనలేదు, ఇవ్వొద్దని ఆవిడా అనలేదు. నేను వాకిట్లో కారుని లారీకి తాడుతో కట్టే వాళ్ళకి సాయం చేశాను. తర్వాత కొల్లేరులో అక్రమ చెరువులని సర్కారు వాళ్ళు గట్లు కొట్టేశారు. ఆ పడవేమయిందో, ఇంజనేమయిందో తెలియలేదు.

మొన్న వాళ్ళిద్దర్నీ నా కారులో తణుకు తీసుకెళ్ళాను. మెత్తగా, చప్పుడు లేకుండా పోయే కారు. (అందులో నాకు విప్పడం చేతనైంది ఒక్క సీటు బెల్టే.) గూడెం దాటాక రోడ్డు ఖాళీగా కనబడేసరికి వెనక సీట్లోంచి పిన్ని మెల్లగా అడిగింది.

"ఏవండీ, ఇప్పుడు కొట్టనా?"

ముందు సీట్లో బాబాయి వెనక్కి తిరగలేదు. రోడ్డుకేసి చూస్తూనే, "కొట్టు" అన్నాడు.

నేను గట్టిగా తొక్కాను.