బొమ్మ కంటే ముందు పేరు చదివిన మాస్టారు

మాస్టారు పోయారని మంగళవారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేనొక పెళ్లి ఆల్బమ్‌కి పేజీలు సర్దుతున్నాను. “నిద్రలోనే వెళ్లిపోయారు అక్కా, నీకు ముందు చెప్పాలనిపించింది” అంది. సరేనమ్మా అని పెట్టేశాను. మళ్లీ పనిలో పడ్డాననుకున్నాను గాని, చూసుకుంటే స్క్రీన్ మీద బొమ్మలు వదిలేసి ఫైళ్ల పేర్లు చదువుతున్నాను. ఆయన నేర్పిన అలవాటే అది.

ఆయన గవర్నరుపేటలో చిన్న ఫొటో స్టూడియో నడిపేవారు. బడిలో ఎప్పుడూ పాఠం చెప్పలేదు, అయినా అందరికీ మాస్టారే. రీళ్లు పోయి డిజిటల్ కెమెరాలు వస్తున్న రోజుల్లో ఆయన ఈడు వాళ్లంతా ఇది మూణ్ణాళ్ల ముచ్చట అని కొట్టిపారేశారు. ఈయన మాత్రం యాభై దాటాక కళ్లజోడు మార్పించుకుని మరీ, కెమెరాతో వచ్చిన పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా పెన్సిల్ పట్టుకుని చదివారు. పామర్రు దగ్గరి మా ఊరి నుంచి కంప్యూటర్ సర్టిఫికెట్ పట్టుకుని నేను పనిలో చేరితే, మౌస్ కంటే ముందు ఆ పుస్తకం నా చేతిలో పెట్టారు. నాకు ఒళ్లు మండింది. నేనేమన్నా పరీక్ష రాయడానికి వచ్చానా అనుకున్నాను.

చేరిన మొదటి ఏడాది గుణదల చర్చి ఉత్సవాల్లో ఆయన టెంటు వేసుకుని, వచ్చిన కుటుంబాలకు ఫొటోలు తీస్తున్నారు. నేను వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఉన్నట్టుండి 9999 తర్వాత 0001 అని వచ్చింది. మెమరీ కార్డు పాడైందనుకుని ఆయన్ని పిలిచాను. ఆయన నవ్వి, దానికి నాలుగంకెల చోటే ఉందమ్మా, పాపం అదేం చేస్తుంది అన్నారు. పాత ఒకటో నంబరున్న ఫోల్డర్‌లో కొత్త ఒకటో నంబరు పడేస్తే పాతది చెరిగిపోతుందని, కార్డు కార్డుకీ తేదీ వేసి వేరే ఫోల్డర్ పెట్టించారు. “ఒకే పేరున్న ఇద్దర్ని ఒకే గదిలో పెట్టకమ్మా, ఒకళ్లే మిగుల్తారు” అనేవారు. ఇప్పుడు ఆ మాట నా దగ్గర పనిచేసే పిల్లలకు చెప్పి విసిగిస్తుంటాను.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మా మామయ్య నేతగాడు. ఇంట్లో మూడు మగ్గాలు, నూలుకు రంగు వేసుకునేదీ ఆయనే. వన్‌టౌన్‌లో ఒక టోకు కొట్టాయన, చీరలన్నీ మోసుకురావడం ఎందుకు, ఫొటోలు తెస్తే నచ్చినవి చెబుతానన్నారట. నేను స్టూడియో కెమెరా అడిగి తీసుకెళ్లి, పెరట్లో దండెం మీద చీరలు వేసి తీశాను. ఆ కెమెరాలో రంగుల సెట్టింగులు రెండుంటాయి. ఎస్‌ఆర్‌జీబీ అని మామూలుది ఒకటి, ఇంకా ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీ ఒకటి. ఎక్కువ రంగులంటే చీరలకు మంచిదే కదా అని రెండోది పెట్టాను. మాస్టారిని అడగలేదు. అడిగితే పుస్తకం చూడమంటారు.

ల్యాబ్‌లో ప్రింట్లు వేయించి, వెనక నంబర్లు రాసి మామయ్యకిచ్చాను. కొట్టాయన, ఫొటోలో ఇటుక రంగుగా కనిపించిన చీర నచ్చి, ఆ నంబరువి ఇరవై కావాలన్నారు. మామయ్య దగ్గర ఇటుక రంగు చీరే లేదు. ఆ నంబరు చీర పండుమిరపకాయ ఎరుపు. ఫొటో కాస్త వెలిసినట్టుందని ఆయనకూ అనిపించిందట, కానీ చదువుకున్న మేనకోడలి ఫొటోకి వంక పెట్టడం దేనికని ఊరుకున్నారు. నంబరు చూసుకుని ఇరవై ఎర్రచీరలు నేసి పట్టుకెళ్లారు.

మూట విప్పగానే కొట్టాయన, రంగు మార్చి నాకు అంటగడుతున్నావా అన్నారు. పదిమంది ముందు అన్నారు. ఆ మాట పక్క కొట్లకు పాకితే మామయ్య చీర ఆ బజారులో మళ్లీ ఎవరూ ముట్టుకోరు. ఆయన మూట భుజాన వేసుకుని నేరుగా మా స్టూడియోకి వచ్చి మెట్ల మీద కూలబడ్డారు. జరిగింది చెప్పారు గాని నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మాస్టారు ఆయనకు మంచినీళ్లిచ్చి, ఆ ఫొటోలు చూపించమన్నారు. నేను బొమ్మ తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

“బొమ్మ తర్వాత. ముందు పేరు చదువమ్మా.”

మా కెమెరా ఫొటోలకు ముందు డీఎస్‌సీ అని మూడక్షరాలు, తర్వాత చిన్న గీత, ఆ తర్వాత నంబరు ఉంటాయి. ఈ చీరల ఫొటోలన్నిటికీ ఆ గీత అక్షరాల ముందుకొచ్చి కూర్చుంది. నేను అన్ని రోజులూ చూశాను, పట్టించుకోలేదు. అడోబ్ ఆర్‌జీబీ పెడితే కెమెరాయే గీతను ముందుకు జరుపుతుందని, తర్వాత ఆ ఫొటో పట్టుకునేవాళ్లకు అది గుర్తని మాస్టారు చెప్పారు. ల్యాబ్ మిషను దాన్ని మామూలు ఫొటో అనుకుని వేసేసింది. ఎరుపు వెలిసి ఇటుకైంది.

ఆయన కూర్చుని ఆ ఫొటోని మామూలు రంగుల్లోకి మార్చి, కొత్త ప్రింటు వేయించారు. మూట తీసుకుని ముగ్గురం ఆటో ఎక్కాం. తప్పు నాదని నేనే చెబుతానన్నాను. కెమెరా స్టూడియోది కాబట్టి మాట పడాల్సిందీ స్టూడియోయే అన్నారు మాస్టారు. సిగ్గుతో చచ్చిపోతున్న నాకు ఆ క్షణంలో ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

కొట్లోకి వెళ్లి, అక్కడున్న పదిమందీ వినేలా చెప్పారు.

“రంగు మార్చింది ఈయన కాదండీ, మా స్టూడియో. ముప్పై ఏళ్ల నుంచి ఈ ఊళ్లో ఫొటోలు తీస్తున్నాను. తప్పు మాది. ఈయన్ని అన్న మాట మాత్రం మీరు వెనక్కి తీసుకోవాలి.”

ట్యూబులైటు కింద ఏ రంగూ తేలదని అందర్నీ బయటికి పిలిచారు. ఎండలో ఒక చీర పొడుగునా విప్పించి, పాత ప్రింటు, కొత్త ప్రింటు పక్కపక్కన పెట్టారు. కొట్టాయన మూడింటినీ మార్చి మార్చి చూసి, పొరపాటున అన్నాను, ఏమీ అనుకోవద్దని మామయ్య చెయ్యి పట్టుకున్నారు. ఎరుపైనా ఉంచుకుంటానని, మూట లోపల పెట్టమని పనివాళ్లకు చెప్పి కొట్లోకి వెళ్లారు.

విప్పిన చీర మాత్రం బయటే ఉండిపోయింది. మడత పెడదామని మాస్టారు ఒక కొస పట్టుకున్నారు. పెళ్లిళ్లలో అన్ని చీరలు ఫొటో తీసిన మనిషికి చీర మడత పెట్టడం రాదు. కొసలు తారుమారు చేసి నిలబడ్డారు. మామయ్య రెండో కొస అందుకుని, అంచు అంచు కలపండి మాస్టారూ, బిగించి పట్టుకోండి, ఇప్పుడు నడిచి రండి అన్నారు. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నడిరోడ్డు ఎండలో, ఎర్రచీర చెరో కొస పట్టుకుని, వాళ్లిద్దరూ అడుగులో అడుగేసుకుంటూ ఒకరి దగ్గరికి ఒకరు వస్తున్నారు.