వాగు దాటొద్దన్న ప్రోగ్రామరు

మా హువాలియన్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్ళకి కొదవ లేదు. కానీ తను రాసినదాన్ని తనే అనుమానంగా చూసుకునే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆవిడ లో షియూ-యున్, మా ఆఫీసులో అందరికీ షియూ-యున్ అక్క. యాభై దాటినా జుట్టుకి రంగెయ్యదు. మధ్యాహ్నం డబ్బా తినగానే బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తుంది. అప్పుడు మేనేజరు ఛంగ్ కూడా ఆవిడ జోలికి వెళ్ళడు.

తుఫానులో ఎవరు ఏ ఆశ్రయంలో ఉన్నారో నమోదు చేసే వెబ్‌సైటు ఆవిడ చేతి పనే. మొదట్లో ఆశ్రయాల పేర్లు ప్రోగ్రాములోనే రాసి ఉండేవి. ఒక్క పేరు కలపాలన్నా టౌన్ ఆఫీసు గుమాస్తా మమ్మల్ని బతిమాలుకోవాల్సిందే. వాళ్ళ ఊళ్ళో ఏ హాలు తెరవాలో చెప్పడానికి నేనెవర్తినని, అక్క పేర్లన్నీ డేటాబేసులోకి మార్చింది. గుమాస్తా అక్కడ కొత్త పేరు చేరిస్తే, నమోదు చేసేవాళ్ళు తెర మీద ఎంచుకునే పెట్టెలో అది కనిపించాలి. తన కంప్యూటరులో కనిపించింది కూడా.

కనిపించకేం? తన కంప్యూటరులో ఏ చిన్న మార్పు చేసినా ప్రోగ్రాము మళ్ళీ మొదటినుంచి మొదలయ్యేది. అసలు సర్వరు సంగతి వేరు. దాని నెత్తిన ఆకుపచ్చ క్వాయ్‌క్వాయ్ పొట్లం ఉంటుంది. ఆ కొబ్బరి చిరుతిండి పెడితే యంత్రం బుద్ధిగా నడుస్తుందని మా నమ్మకం. బుద్ధిగా నడిచేదాన్ని ఎవరూ ముట్టుకోరు. వసంతం నుంచి దాన్ని ఒక్కసారీ ఆపలేదు.

సెప్టెంబరులో తుఫాను పట్టుకుంది. వాగు పొంగి, ఆశ్రయంగా తెరిచిన బడిలోకి నీళ్ళు రావడంతో, అక్కడున్న ముసలివాళ్ళని గుట్ట మీది చర్చి హాలుకి చేర్చారు. గుమాస్తా హాలు పేరు చేర్చాడు, పెట్టెలో మాత్రం రాలేదు. హాలులో నమోదు చేస్తున్న అమ్మాయి ఏమీ తోచక, ఉన్నవాటిలోంచి బడినే ఎంచింది. అది చూసి, ముసలివాళ్ళు ఇంకా బడిలోనే ఉన్నారనుకుని, సహాయ దళం నాయకుడు కాచావ్ తన మనుషులతో వాగు దాటి బడికి వెళ్ళడానికి సిద్ధమయ్యాడు.

గుమాస్తా ఫోను చేసి సంగతంతా చెప్పగానే అక్కకి తప్పెక్కడో తెలిసిపోయింది. మొదలైనప్పుడు ఒక్కసారి చదివిన పేర్లనే ప్రోగ్రాము పట్టుకు కూర్చుంది. పెట్టె తెరిచిన ప్రతిసారీ డేటాబేసుని అడగమని తను దానికి చెప్పనేలేదు. మన తప్పని చెప్పకు, నెట్ సరిగ్గా లేదందాం అన్నాడు ఛంగ్. అక్క అప్పటికే కాచావ్‌కి ఫోను కలిపేసింది.

"వాగు దాటకండి. బడిలో ఎవరూ లేరు. అందరూ చర్చిలో ఉన్నారు."

"నా ఫోనులో బడి అనే ఉందక్కా. వాళ్ళు మునిగిపోతే ఎవరిది పూచీ?"

"ఆ ప్రోగ్రాము రాసింది నేనే. తప్పు రాశాను."

అవతల గాలి హోరులో కాచావ్ తన వాళ్ళని వెనక్కి పిలవడం వినిపించింది. అప్పుడు అక్క ప్రోగ్రాము సరిచేసి, ఛంగ్ వద్దంటున్నా సర్వరు ఆపి మళ్ళీ నడిపింది. హాలు పేరు వచ్చింది. సాయంత్రానికి వాళ్ళు దాటబోయిన చోట గట్టు మొత్తం కొట్టుకుపోయింది. ఆవిడతో కలిసి పనిచేస్తున్నందుకు ఆ రోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

తర్వాత కాచావ్ పంపరపనసలు పట్టుకుని ఆఫీసుకి వచ్చాడు. నా మూలంగా వాగులో పడబోయారు, క్షమించండని అక్క తల వంచుకుంది.

కాచావ్ నవ్వాడు. "ఆ రోజు బోలెడు ఫోన్లు వచ్చాయక్కా. అందరూ తమ మాటే నిజమన్నారు. తప్పు నాదన్నది మీరొక్కరే. అందుకే ఆగాను."