పాట ఆగని చోట మా చప్పట్లు

ఆ రోజుల్లో పాట వినాలంటే ఓపిక ఉండాలి. షాపుకు పోవాలి, ఖాళీ క్యాసెట్టు ఇవ్వాలి, ఏమేం పాటలు ఎక్కించాలో చెప్పాలి, ఎల్లుండి రమ్మంటే వారం తర్వాత పోవాలి (నిజంగానే ఎల్లుండి పోతే తిట్లు తినాలి). అంత కష్టపడి తెచ్చుకున్న పాటను చివరిదాకా వినకుండా ఎవడైనా వదులుతాడా? ఇప్పుడు చూస్తే ఒళ్ళు మండుతుంది. బస్సులో పక్కన కూర్చున్నవాడు ఫోను మీద బొటనవేలు పెట్టి, ఈగను తోలినట్టు పాటను తోలేస్తుంటాడు. పల్లవి కాకముందే ఇంకొకటి, అది అందుకోకముందే మరొకటి. వాయించినవాడు చెమటోడ్చి వాయించాడే, వాడికేం మర్యాద? నేనైతే ఒకే ఒక్క క్యాసెట్టును టేపు నలిగిపోయేదాకా ఏళ్ళ తరబడి విన్నాను. విని ఏం బావుకున్నావయ్యా అంటే, అది చెప్పడానికే కూర్చున్నాను. నవ్వదలుచుకున్నవాళ్ళు నవ్వండి. అప్పట్లో అయితే పోట్లాటకు వచ్చేవాణ్ణి గానీ ఇప్పుడు నేనూ మీతో కలుస్తాను.

తొంభైల చివరి మాట. నాకు ముప్పై దాటి కొన్నేళ్ళయింది (దాన్ని కూడా పడుచుతనం అంటావా అని మా ఆవిడ అడుగుతుంది, అంటాను). చిత్తూరులో మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పని. ఎనిమిదో తరగతితో బడికీ నాకూ చెల్లిపోయింది. తర్వాత చదివిందంతా జిల్లా గ్రంథాలయంలో నిలబడి చదివిందే, ఎందుకంటే ఫ్యాను కింది కుర్చీలన్నీ పేపరు అడ్డం పెట్టుకుని నిద్రపోయే పెద్దమనుషులవి. చర్చి వీధిలో టేపు మామ షాపు ఉండేది. పాటలు రికార్డింగు చేసి ఇచ్చే షాపు. ఆయన నాకు చుట్టం కాదు. ఊరంతా మామా అంటుంటే నేనూ మామా అన్నాను, అంతే. ఒకసారి ఆయన వేలూరులో ఎవరింట్లోనో ఒక అమెరికా బృందం రికార్డు విని, మతిపోయి, చేతికందిన క్యాసెట్టు మీద ఎక్కించుకొచ్చాడు. మొదట్లో భక్తిపాటలు, మిగిలిన జాగాలో ఇది. గిటారు, శాక్సఫోను, డ్రమ్ములు, కరెంటు పియానో. జాజ్‌ని తీసుకొచ్చి రాక్‌లో పడేసి సలసల కాగబెట్టినట్టు ఉండేది. దాన్ని ఫ్యూజన్ అంటారని తర్వాత తెలిసింది. ఆ బృందం పేరు ఇక్కడ రాయను, నేను పలికే తీరు తెలిస్తే వాళ్ళు నొచ్చుకుంటారు. రికార్డు అట్టకు తీయించిన జిరాక్సు కాగితంలో నలుగురూ భుజాలదాకా జుట్టుతో ఉండేవాళ్ళు కాబట్టి మాకు వాళ్ళు ‘జుట్టోళ్ళు’. మా చేతికి క్యాసెట్టు అందేసరికే వాళ్ళు పోట్లాడుకుని విడిపోయి చాలా కాలమైంది. మా ఊరికి ఏదైనా అంతే, వేడి చల్లారాకే వస్తుంది.

ఆ క్యాసెట్టులో చివరి పాటే మా ప్రాణం. మెల్లగా మొదలై, మెట్టు మీద మెట్టుగా ఎక్కి ఎక్కి, శాక్సఫోను కొండకొమ్మును అందుకునే క్షణంలో గబుక్కున ఆగిపోతుంది. ఆ తర్వాత కాస్త నిశ్శబ్దం. ఆ తర్వాత ‘టక్’. (టక్ అన్నది టేపురికార్డరు మీట పైకి లేచిన చప్పుడని నాకు తెలుసు. అంత అమాయకుణ్ణి కాను. ఆ నిశ్శబ్దం మాత్రం వాళ్ళదే అనుకున్నాను.) గ్రంథాలయంలో ఒక లావుపాటి పుస్తకంలో జాజ్ గురించి నాలుగు ముక్కలు దొరికాయి. ముందుగా రాసుకోకుండా అప్పటికప్పుడు పుట్టించి వాయిస్తారని ఉంది. నాకు అదే చాలింది. శిఖరం దగ్గర ఆపేయడమే ఈ విద్యకు పరమార్థమని, దిగిరావడం మామూలు మనుషుల పని అని ఒక సిద్ధాంతం కట్టాను. షాపుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. పెళ్ళి క్యాసెట్టు కోసం వచ్చినవాళ్ళు కూడా విని పోవాల్సిందే. టేపు మామ మాత్రం గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆనించి, మొదటిసారి వింటున్నట్టు వినేవాడు. “అబ్బా, ఏం చెప్తాండావప్పా! ఇంకోసారి చెప్పు,” అనేవాడు.

వినని మనిషి ఒక్కడే, మా బావ. మా ఆవిడకు అన్న. తిరుపతిలో వయొలిన్ పాఠాలు చెప్పేవాడు, పద్ధతిగా గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు. పెళ్ళయిన కొత్తలో నాకూ నేర్పు బావా అని అడిగితే, తొడ మీద తాళం వేయమని కాసేపు చూసి, “నీకు తాళం నిలవదు. బాయిలరు సూసుకో పో,” అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా దిగబడిపోయింది. ఆయన నోటితో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నాకూ చెవి ఉందని అనిపించుకోవాలని ఎన్ని పండగలకు ఆ క్యాసెట్టు మోసుకుని తిరుపతి పోయానో! వాకిట్లో మొదలుపెట్టగానే, “ఇది సంగీతమా, మోటారు షెడ్డా?” అని లోపలికి పోయేవాడు. పాట శిఖరం దాకా ఏనాడూ కూర్చోలేదు.

అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం టేపు మామ షాపు వదిలేసి, చేతిలో ఇంగ్లీషు పేపరుతో ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. “అప్పా! జుట్టోళ్ళు కలిసినారు! అందరూ రాజీ పడినారంట! ఊరూరా తిరిగి వాయిస్తారంట, మద్రాసుకు గూడా వస్తాండారు!” అన్నాడు. (అప్పటికే ఊరి పేరు చెన్నై అయింది గానీ మా నోళ్ళకు ఆ సంగతి ఇంకా అందలేదు.) ఇద్దరం గేటు దగ్గరే చేతులు పట్టుకుని గిర్రున తిరిగాం. వాచ్‌మన్ బయటికొచ్చి, “ఏందప్పా, లాటరీ తగిలిందా?” అన్నాడు. మామ షాపు ముందు బల్ల మీద సుద్దముక్కతో ‘మన వాళ్ళు మళ్ళీ కలిశారు’ అని పెద్ద అక్షరాలతో రాసి, వచ్చినవాళ్ళందరికీ మైసూరుపాకు పంచాడు. తిన్నవాళ్ళలో సగంమంది ఏదో పార్టీ చీలిక సర్దుకుందనుకున్నారు. సెలవు కోసం మేనేజరు దగ్గరికి పోతే, అబద్ధం ఆడడం ఇష్టంలేక, “ఎప్పుడో విడిపోయిన అన్నదమ్ములు ఒకటవుతాండారు సార్, నేను ఆడ ఉండాల,” అన్నాను. ఆయన కళ్ళు చెమర్చాయి. “ఆస్తి తగాదానా?” అన్నాడు. “కాద్సార్, వాయించుకునే సామాన్ల తగాదా,” అన్నాను. వంటపాత్రల మాట అనుకున్నాడో ఏమో, రెండు రోజులు ఇచ్చాడు. మా ఆవిడ మాత్రం, “ఏమయ్యో, మా పిన్నమ్మ కూతురు పెండ్లికి సెలవ దొరకదంటివే! ఈళ్ళు నీకు అన్నదమ్ములా?” అని పట్టుకుంది. దానికి సిద్ధాంతం ఏదీ పనికిరాలేదు.

ఆమె దెప్పుతూనే నాకు మేలు చేసింది. వయొలిన్ తంత్రులు కొనడానికి వాళ్ళన్నకు ఎట్లాగూ మద్రాసులో పని ఉందని, ఆయన్నూ వెంటబెట్టుకుని పొమ్మంది. బావను బతిమాలాను. “ఒక్కసారి వచ్చి చూడు బావా. కొమ్ముకు ఎక్కినాక ఠక్కని ఆపుతారు. మీ వాళ్ళు ఎవురైనా అట్ల ఆపగలరా? మంగళం పాడందే లేచేదానికి కాళ్ళు రావు మీకు,” అన్నాను. ఆయనకు రోషం వచ్చింది. “ఆపేది సూస్తా. ఆపకపోతే మాత్రం, నా ఎదురుగా సంగీతం అనే మాట ఎత్తకూడదు నువ్వు,” అన్నాడు. సరేనన్నాను. ముందురోజే చిత్తూరొచ్చి మాతో బయల్దేరాడు. బస్సులో కాంచీపురం దాటేదాకా నేను చెబుతూనే ఉన్నాను. బావ కళ్ళు మూసుకున్నాడు. మామ, ఎందుకో, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

హాలు చల్లగా, మెత్తటి కుర్చీలతో, లోపల పల్లీలు తినకూడదన్నంత గొప్పగా ఉంది. తెర లేచింది. వేదిక మీద నలుగురు ముసలివాళ్ళు. ఒకాయనది నున్నటి గుండు, ఒకాయనకు బొజ్జ, డ్రమ్ముల దగ్గరి ఆయన కళ్ళద్దాలు వెతుక్కుంటున్నాడు. నలుగురిదీ కలిపినా ఒక జడకు సరిపోయే జుట్టు లేదు. “ఈళ్ళేనా? లేక ఈళ్ళ నాయనలొచ్చినారా?” అన్నాడు మామ. కానీ వాయించడం మొదలుపెట్టారు చూడండీ, మా క్యాసెట్టు బూజు దులిపి కడిగి ఎండలో పెట్టినట్టుంది! మామా నేనూ ఒకరి చెయ్యి ఒకరు గిల్లుకున్నాం. బావ నిటారుగా కూర్చున్నాడు. మోటారు షెడ్డు అనలేదు. చివర్లో మా పాట అందుకున్నారు. మధ్యలో ఎవరికి వాళ్ళు కొత్తగా ఏవేవో అల్లారు గానీ, ఆ ఎక్కుడు మాత్రం మా టేపులో ఉన్నట్టే, మెట్టుకు మెట్టు తప్పకుండా వచ్చింది. “బావా, ఇప్పుడు సూడు. ఇదో... ఇదో...” అన్నాను. శాక్సఫోను కొమ్మును అందుకుంది. నేను ఒక్క ఉదుటున లేచి, చేతులు తలపైకెత్తి, “భళా!” అని అరిచి ఫట్‌ఫట్‌మని చప్పట్లు కొట్టాను.

పాట ఆగలేదు.

ఆగకపోగా ఇంకా పైకి పోయింది. అంతపెద్ద హాల్లో నిలబడి ఉన్నది నేనొక్కణ్ణే. వెనకనుంచి ఎవరో, “ఉక్కారుంగ సార్!” అన్నారు. కూర్చుందామంటే మోకాళ్ళు వంగలేదు, చప్పట్లు ఆపుదామంటే చేతులకు తెలియలేదు. అప్పుడు నా పక్కన ఇంకో జత చేతులు మోగాయి. చూస్తే టేపు మామ లేచి నిలబడి, నాకంటే గట్టిగా, ముందే అనుకుని వచ్చినట్టుగా కొడుతున్నాడు. ఇద్దరు మనుషులు అంత ధైర్యంగా కొడుతుంటే ఇందులో ఏదో మర్మం ఉందనుకున్నారేమో, ముందు వరుసల్లోంచి కొన్ని చప్పట్లు, ఆ వెనక ఇంకొన్ని, చివరికి హాలంతా మోగింది. శాక్సఫోను పెద్దాయన కళ్ళు తెరిచి మా వైపు తల వంచాడు. మేం కూర్చున్నాం. నేనైతే పడ్డాను.

అప్పుడు విన్నాను, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆ పాట రెండో సగం. కొమ్ము మీదనుంచి మెల్లగా దిగింది. ఎక్కేటప్పుడు పరుగెత్తించిన డ్రమ్ములు ఇప్పుడు చెయ్యి పట్టుకుని దింపుతున్నట్టుగా ఉన్నాయి. గిటారూ శాక్సఫోనూ, పాత కోపాలన్నీ మాట్లాడుకుని తీర్చుకున్న అన్నదమ్ముల్లా, ఒకడి మాటకు ఒకడు ఊఁ కొట్టుకుంటూ కిందికి వచ్చాయి. దిగిరావడం మామూలు మనుషుల పని అన్నానే, ఆ మామూలు పనికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుతో తిరిగాయా, సుఖంతో తిరిగాయా అంటే ఇప్పటికీ చెప్పలేను.

బయటికొచ్చి టీకొట్టు దగ్గర నిలబడ్డాం. బావ టీ ఊదుకుంటూ, “ఆపుతారంటివే?” అన్నాడు. నేను గ్లాసులోకి చూశాను. మామే నోరు విప్పాడు. “వాళ్ళెందుకు ఆపుతారప్పా? ఆపింది నేను. ఆడికి టేపు అయిపోయినాది. భక్తిపాటలు పోను మిగిలింది అంతే.”

నేను గ్లాసు పక్కన పెట్టి మామ వైపు తిరిగాను. “అయితే నీకు ముందే తెలుసా?”

“నా యాపారమే అది కదప్పా. ఎంతమంది పాటలు నడిమిట్లో తెంపుంటాను! మొదటి దినమే చెప్పాలనుకున్నా. నువ్వు శిఖరమంటివి, పరమార్థమంటివి... ఇనేదానికి శానా బాగుండె. యాల చెడగొట్టాల అనిపించినాది.”

“మరి ఆడ లేచి చప్పట్లు యాల కొడితివి?”

“నువ్వొక్కడివే నిలబడుంటివి కదప్పా,” అన్నాడు మామ, అది కూడా అడగాల్సిన విషయమా అన్నట్టు.

బావ నవ్వడం మొదలుపెట్టాడు. మామూలుగా ఆయన నవ్వు పెదవి దాటదు. ఆ రోజు టీ ఒలికిపోయి, ధోవతి తడిసి, టీకొట్టువాడు బయటికొచ్చి చూసేంత నవ్వాడు. నేను సిద్ధపడ్డాను. ఇక ఈ జన్మలో ఈయన ముందు సంగీతం మాట ఎత్తను, పందెం పందెమే అనుకున్నాను. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని ఆయన అన్నాడు: “ఒక మాట చెప్తా ఇను. వాళ్ళు ఏడు లెక్కలో పోతాండారు. మధ్యలో డ్రమ్ములాయన శానా తిరకాసులు పెట్టినాడు. నేను తొడమీద ఏసుకుంటా ఏసుకుంటా రెండుతూర్లు దారి తప్పినా. నువ్వు లేచి కొట్టినావే, ఆ మొదటి దెబ్బ, సరిగ్గా తాళం మొదట్లో పడినాది బావా. ఎంట్రుకంత ఇటు లేదు, అటు లేదు. టేపు యాడ తెగిందనేది మామ పుణ్యం. ఆడికి తప్పకుండా చేరుకున్నావు సూడు, అది నీది.” ఆగి, గ్లాసు బల్ల మీద పెట్టి, “తాళం నిలవదంటి నేను. నిలిచినాది,” అన్నాడు.

నాకు చెవి ఉందని ఆయన అనలేదు. ఆ మాటకు ఆయన ఇంతకంటే దగ్గరగా రాలేడని నాకు తెలుసు. నేను ఇంకో టీ చెప్పాను, ముగ్గురికీ.

తెల్లారి మొదటి బస్సులో చిత్తూరుకు బయల్దేరాం. చెల్లెల్ని చూసి తిరుపతి పోతానని మాతోనే ఎక్కిన బావ, ముందు సీట్లో తంత్రుల పొట్లం ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాడు. నాకు మాత్రం నిద్ర ఎక్కడిది? రెండో సగం చెవుల్లో దిగుతూనే ఉంది. ఎక్కేటప్పుడు ఏడు మెట్లు, దిగేటప్పుడు ఎన్ని? ఎందుకు? దీనికో కారణం ఉండాలి. ఊరు దాటకముందే కొత్త సిద్ధాంతం తయారైంది. “మామా, నిన్న నాకొకటి తట్టింది,” అన్నాను. మామ ఆవలింత మింగి, మోచెయ్యి కిటికీకి ఆనించి, “చెప్పప్పా, చెప్పు. చిత్తూరు ఇంకా శానా దూరం ఉండాది,” అన్నాడు.

అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేలలేదు గానీ, దాని తర్వాత చాలానే పుట్టించాను. మామ షాపు ఎత్తేసి చాలా కాలమైంది. మేమిద్దరం సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చుంటాం. ఈమధ్య ఆయనకు కుడిచెవి పూర్తిగా వినపడడం మానేసింది. నేను గొంతు సవరించుకుని, “మామా, నాకొకటి తట్టింది,” అనగానే, మెల్లగా కుర్చీ జరుపుకుని ఆ కుడిచెవినే నా వైపు పెట్టి, “అబ్బా, ఏం చెప్తాండావప్పా!” అంటాడు. నాకు తెలుసు. తెలిసీ చివరిదాకా చెబుతాను.