అమ్మకు బ్రాకెట్ అర్థమైన రోజు

పెళ్లై శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చేనాటికి అమ్మ చదువు తొమ్మిదో తరగతి దగ్గర ఆగిపోయింది. తొంభైల్లో, నేను హైస్కూల్లో ఉండగా, సెక్టర్ 6లో మా వీధి చివరి బాల్వాడీలో పిల్లలకు చదువు చెప్పడానికి మనిషి కావాలన్నారు. పది పాసై ఉండాలి. అమ్మ ప్రైవేటుగా పరీక్ష కట్టింది. పరీక్ష హిందీలో. చుట్టుపక్కల దీదీలతో కబుర్లాడీ కబుర్లాడీ హిందీ వచ్చేసింది గానీ లెక్కలు రాలేదు. వాటిలోనే తప్పింది. సప్లిమెంటరీ దాకా ఆగుతాం, ఆ తర్వాత ఇంకెవర్నైనా చూసుకుంటాం అన్నారు బాల్వాడీ వాళ్లు.

లెక్కలు చెప్పే పని నాది. (5 + 1) × 4 − 2 ఇచ్చాను. అమ్మ ముందు నాలుగులోంచి రెండు తీసేసి, ఆఖర్న బ్రాకెట్ ముట్టుకుని, ఆరు రెళ్లు పన్నెండు అని రాసింది. ఏ లెక్క ఇచ్చినా అదే వరస.

"బాడ్మాస్ ప్రకారం బ్రాకెట్ ముందు చెయ్యాలని ఎన్నిసార్లు చెప్పానమ్మా?"

"తలుపేసున్నది ముందెలా తీస్తానే? నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నోడి గదిలోకి చీపురట్టుకుని ఎల్తామేటి?"

అప్పటికి నాకు వెలిగింది. నాన్న స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసొచ్చిన పొద్దున, అంట్లు, బట్టలు, తుడవడం అన్నీ బయటే చప్పుడు లేకుండా సాగిపోయేవి. ఆయన గది ఆఖర్న. ఆ వీధిలో ఏ క్వార్టర్లోనైనా అంతే.

అంతలో, ఆ రోజూ మూసే ఉన్న తలుపు వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది.

"ఏటే, నాను ఒట్టి కడుపుతో పడుకున్నానేటి? రాగానే నాకు నీళ్లు తోడి, అన్నమెట్టి, అప్పుడు గదా అంట్ల జోలికెల్లినావు? లోపలోడి పని తెమిలేకే బయట పని!"

అమ్మ పన్నెండు మీద పెన్సిల్‌తో గీత కొట్టింది. "మరా ముక్క మీ కూతురు చెప్పదేటండీ? బాడ్మాస్, బాడ్మాస్ అని ఒకటే పాట."

మళ్లీ వేసింది. ఇరవై రెండు వచ్చింది.

"ఇంక పడుకోనిస్తారా?" అన్నాడు నాన్న లోపల్నుంచి.

సప్లిమెంటరీ ఫలితాలొచ్చిన రోజు పేపర్లో నంబరు చూసి నాన్న చెబితే అమ్మ నమ్మలేదు. పేపరు పట్టుకెళ్లి పక్కింటి దీదీ చేత చదివించింది. "పాస్ హో గయీ, భాభీ!" అని ఆవిడ అరిచింది. అమ్మ గబగబా ఇంట్లోకొచ్చి, బీరువా తెరిచి, నన్ను పిలిచి గొంతు తగ్గించి అడిగింది.

"గుంటా, బాల్వాడీకి ఏ చీర కట్టుకెల్తే బాగుంటాదే?"