క్లచ్ వదలడం నేర్పిన రాజేశం అన్న

గురువారం పొద్దున సూరత్‌లోని పర్వత్ పాటియాలో నేను పనిచేసే బట్టల దుకాణానికి ఫోను వచ్చింది. మా రాజేశం అన్న ఇక లేడట. భేస్తాన్‌లోని తన గ్యారేజీలో కారు కింది నుంచి లేచి, ఛాతీ పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడట, మళ్లీ లేవలేదట. నేను నమ్మలేదు. ఫోను చేసిన వదినతోనే "ఒకసారి అన్నకియ్యి, మాట్లాడుత" అన్నాను. ఆమె ఏడుపు విన్నాక నమ్మక తప్పలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ దుఃఖంలోనే ఇంకో భయం కూడా నన్ను పట్టుకుంది. ఆదివారం కార్ల పోటీ ఉంది. కారు నడపవలసింది నేను.

ఆయనను ఎరగనివారి కోసం నాలుగు మాటలు. రాజేశం అన్న సిరిసిల్ల నుంచి బతుకుతెరువుకు సూరత్ చేరిన నేతబిడ్డ. పన్నెండేళ్లు పవర్‌లూమ్ నడిపి, ఆ రొద భరించలేక మెకానిక్ అయ్యాడు. సూరత్ బయట కిమ్ ఊరు దాటాక, ఇంకా వాడకంలోకి రాని ఫ్యాక్టరీ రోడ్డు మీద కొన్ని ఆదివారాలు పావు మైలు కార్ల పోటీలు జరుగుతుంటాయి. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, జెండా దిగగానే ఉరుకుతాయి. అందరూ ఇంజిన్ల బలం గురించి గొప్పలు పోతుంటే, ఆయన ఒక్కడే మొదటి రెండు సెకన్ల గురించి మాట్లాడేవాడు. ఆ స్వల్ప వ్యవధిలో క్లచ్ మీద ఎడమ పాదం చేసే పని ఆయనకు తపస్సుతో సమానం.

దుకాణంలో చేరకముందు నేనూ మగ్గం నడిపినవాణ్ణే. మా మగ్గాలవాళ్లందరిదీ ఒకటే జబ్బు. పవర్‌లూమ్ హ్యాండిల్ మెల్లగా లాగితే పోగును అటూ ఇటూ మోసే నాడె మధ్యలో ఇరుక్కుంటుంది, బట్ట మీద చార పడుతుంది, శేఠ్ తిడతాడు. అందుకని ఒక్క గుంజుతో మగ్గం ఆడించడం మా నరాల్లో ఇంకిపోయింది. కారెక్కినా అదే పని చేసేవాళ్లం. ఇంజిన్‌ను అరిపించి క్లచ్‌ను ధడాలున వదిలేవాళ్లం. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ కక్కేవి, పక్క కారువాడు అప్పటికే సగం దూరం పోయేవాడు.

"ఏంది రా గిది? మగ్గమనుకున్నవా?" అనేవాడు అన్న. ఒకరోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా వట్టి పాదం కింద తన అరచెయ్యి పెట్టాడు. "నా చెయ్యే క్లచ్ అనుకో. జర జర లేపు. బండి పట్టుకుందని నీ అరికాలుకు తెల్వాలె. గాడ ఆగు. ఇంజిన్ రేసు జర పెంచు, గప్పుడు మొత్తం ఇడువు." గురుతుల్యుడైన మనిషి నా కాలు మోస్తుంటే నాకు ప్రాణం చచ్చిపోయింది. కాలు వెనక్కి తీసుకోబోతే తొడ మీద ఒక్కటి వేశాడు.

ఆయన ధైర్యవంతుడని ఊరంతా అనుకునేది. సూరత్‌కు ప్లేగు వచ్చిన ఏడాది జనం రైళ్లెక్కి పారిపోతుంటే ఆయన గ్యారేజీ వదల్లేదు. తర్వాత నేను పొగడబోతే నవ్వాడు. "ధైర్యమా, పాడా! గజగజ వణికిన. చేతులకు పని ఉండాలెనని ఒక్క క్లచ్‌నే నాలుగుసార్లు ఇప్పి బిగించిన." ఇంత నిర్మొహమాటంగా తన భయాన్ని ఒప్పుకున్న మగవాణ్ణి నేను ఇంకొకర్ని చూడలేదు.

నాలుగు నెలల కిందట నా పాత జబ్బు మళ్లీ తిరగబెట్టింది. జెండా దిగగానే క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. ఒక చక్రం పట్టింది, ఒకటి జారింది, కారు అడ్డం తిరిగి చాయ్ అమ్మే ముసలాయన మీదికి పోయింది. అన్న ఆయనను పక్కకు లాగకపోతే నేనీరోజు హంతకుణ్ణి. కారు అద్దం తగిలి అన్న చొక్కా చెయ్యి చిరిగిపోయింది. ఇక జన్మలో పోటీకి కారెక్కనని ఒట్టు పెట్టాను. ఆయన నా మాట వింటేనా! నన్ను అడగకుండానే ఈ ఆదివారానికి నా పేరు రాయించాడు.

"నీకేం పోయింది, సచ్చేది నేను గదా!" అని ఎగిరిపడ్డాను.

"భయం మంచిదే, శీనూ. భయం లేనోనికి నేను కారు తాళంచెయ్యి ఇయ్య. గని గిప్పుడు ఎక్కకపోతే, ఇగ ఎన్నడూ ఎక్కవు" అన్నాడు.

శనివారం వదిన దగ్గరికి వెళ్లి, పేరు కొట్టించేస్తానన్నాను. నిజానికి ఆమె సరేనంటే బాగుండునని నా ఆశ. ఆమె కళ్లు తుడుచుకుని, "నాకూ భయమైతుంది. గని ఆయన రాయించిన పేరు నువ్వు కొట్టియ్యకు" అంది.

ఆదివారం వెళ్లాను. మొదటి గీత దగ్గర కారు ఆపి, ఎడమ పాదం క్లచ్ మీద పెట్టాను. రోడ్డు పక్కన జనం ఎంత దూరంలో ఉన్నారో రెండుసార్లు చూసుకున్నాను. జెండా దిగింది. కాలు మెల్లగా లేపాను. బండి పట్టుకుంది. ఆగాను, వదిలాను. కారు తిన్నగా ఉరికి, పక్క కారు కంటే ముందు అవతలి గీత దాటింది.

దూరంగా ఆపి, దిగకుండా కూర్చున్నాను. ప్రతి పరుగు తర్వాత అన్న ఆ పావు మైలూ నడిచి వచ్చి, కిటికీలో తల పెట్టి నా తప్పు చెప్పేవాడు. గెలిచినా వదిలేవాడు కాడు. ఇప్పుడు కారులో క్లచ్ కాలిన వాసన వస్తోంది. క్లచ్‌ను సగంలోనే ఎక్కువసేపు పట్టి ఉంచానా, భయంతో కాలు ఆడిందా, నాకు తెలియలేదు. కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చి భుజం తట్టారు. "జోర్దార్, శీను భాయ్!" అన్నారు. ఆ వాసన ఎవరికీ పట్టలేదు.

అన్నా, నా కాలు మోసిన నీ చేతులకు నమస్కారం. కారెక్కాలంటే ఇప్పుడూ భయమే. తప్పు చేస్తే చెప్పేవాళ్లు లేరన్నది అంతకంటే పెద్ద భయం.