సూర్యలంకలో రెండు రోజుల విశ్రాంతి, పదకొండు మందికి వంట

మారథాన్ పరిగెత్తిన మర్నాడు నేను మా ఇంటి మెట్లు వెనక్కి తిరిగి దిగాను. కుడికాలి బొటనవేలి గోరు నల్లబడింది, తొడలు ముట్టుకుంటే ఏడుపొచ్చేది. నరసరావుపేటలో హైస్కూలు వ్యాయామ టీచరుగా ఏళ్ల తరబడి పిల్లల్ని పరిగెత్తించినదాన్ని, నలభై రెండు కిలోమీటర్లు నేను పరిగెత్తడం మాత్రం ఇదే మొదలు. అందుకే బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌లో రెండు రాత్రులకు గది తీసుకున్నాను. ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి, నిద్రపోవాలి. అంతకు మించి ఏ ప్లానూ లేదు. మీరూ ఇలాంటి విరామం అనుకుంటుంటే నాకు జరిగింది చదివి వెళ్లండి.

చేసిన తప్పల్లా ఇంట్లో చెప్పడం. “ఆడమనిషివి ఒక్కదానివే సముద్రానికి పోతావా? ఏందే, మేమంతా లేమా?” అంది అత్తయ్య. తెల్లారేసరికి గుమ్మం ముందు వ్యాను. అత్తయ్య, మామయ్య, మా ఆయన, ఇద్దరు ఆడపడుచులు, వాళ్ల భర్తలు, పిల్లలు. నాతో కలిపి పదకొండు మంది. గ్యాస్ పొయ్యి, డేగిశాలు, కొట్టించిన నాటుకోళ్లు. మా పల్నాడు వాళ్లకు సముద్రమంటే వ్యాను మాట్లాడుకుని, అక్కడే వండుకు తిని, తడిబట్టలతో తిరిగి రావడమే. ఒళ్లు నొప్పులు తగ్గించుకోవడానికి వెళ్లేవాళ్లు ఉంటారని ఎవరికీ తోచదు.

ఆరింటికి బయలుదేరాం. చిలకలూరిపేట, పర్చూరు, చీరాల మీదుగా దాదాపు మూడు గంటలు పట్టింది. బాడుగ డీజిలుతో కలిపి ఎనిమిది వేలు. ముందు సీట్లో కాళ్లు చాపుకుందామంటే అక్కడ మామయ్య కూర్చున్నారు. నేను గిన్నెల మధ్య మోకాళ్లు ముడుచుకున్నాను. డ్రైవర్ కోటి అద్దంలోంచి చూసి, “అక్కా, పరుగు పందెంలో ఎన్నో ప్రైజు?” అన్నాడు.

“ప్రైజేం లేదు తమ్ముడూ. చివరిదాకా పరిగెత్తానంతే.”

“ప్రైజు రాకపోయినా ఇంతమందికి పార్టీ ఇస్తన్నావా? చానా గొప్ప.”

పార్టీ నాదని నాకు అప్పుడే తెలిసింది. బాడుగ కూడా నా ఫోన్లోంచే పోయింది.

బీచ్‌కి చేరగానే నా గది అందరూ బట్టలు మార్చుకునే గదైంది. మంచం మీద తడి ఇసుక. సరుగుడు చెట్ల కింద పొయ్యి పెట్టి, “కూర చూస్తా ఉండు, ఒక్క మునక వేసొస్తాం” అని ఆడపడుచులు నీళ్లలోకి పోయారు. అత్తయ్య పిల్లలకు కాపలా. నిలబడలేని కాళ్ల మీద నిలబడి నేను గరిటె తిప్పుతున్నాను. సముద్రం ఎదురుగానే ఉంది. తువ్వాలు కోసం వచ్చిన మా ఆయనతో, “కాసేపు నువ్వు చూడు, నా కాళ్లు నిలవట్లేదు” అన్నాను.

“నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తినదానివి, కూర కలపలేవా?” అన్నాడు. విన్నవాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మామయ్యది నకరికల్లు. బండలాగుడు పోటీలకు గిత్తల్ని మేపుతారు. ఆ పక్కనే కుర్చీలో కూర్చుని అల్లుడికి చెబుతున్నారు: “పోటీ నుంచి వచ్చినాక వారం దాకా కాడి మొహం చూపియ్యకూడదు. వేన్నీళ్లతో కాళ్లు కడగాల, ఉలవలు పెట్టాల, పడుకోనియ్యాల.”

నేను పొయ్యి కట్టేశాను. “మామయ్యా, పోటీ నుంచి వచ్చిన మీ గిత్తని మూడో రోజే ఎవరైనా అరకకు కడితే ఏం చేస్తారు?”

“కట్టినోడి చేతులిరగ్గొడతా.”

గరిటె ఆయన ముందుకు చాపాను. ఆయన నా మొహం చూశారు, నల్లబడ్డ గోరు చూశారు, గరిటె అందుకున్నారు. “ఏమే, మామ చేతికి గరిటిస్తావా?” అని అత్తయ్య అంటూనే ఉంది. నేను వెళ్లి నీళ్లలో కూర్చున్నాను.

సాయంత్రం నాలుగింటికి మా ఆయన గది గుమ్మంలోకి వచ్చాడు. “బ్యాగు సర్దు. అందరి ముందు మా నాన్నని అంత మాటంటావా?”

“రెండు రాత్రులకు తీసుకున్న గది ఇది. నేను రాను” అన్నాను. అతను కదల్లేదు. వ్యానులోంచి మామయ్య గొంతు వినిపించింది. “ఒరేయ్, వచ్చి ఎక్కు. వారం దాకా కాడి లేదని చెప్పు ఆ అమ్మాయికి.” వ్యాను వెళ్లిపోయింది. నేను దుప్పటి దులుపుకుని పడుకున్నాను.

మర్నాడంతా నీళ్లలోనే ఉన్నాను. కాళ్ల వాపు తగ్గింది, కోపం తగ్గలేదు. మామయ్య మంచివారని మీరనొచ్చు. కానీ కాళ్లు నిలవట్లేదని నేను చెప్పినప్పుడు ఆయన కూడా అందరితో పాటు నవ్వారు. గిత్త మాటెత్తితే గానీ నా కాళ్లు ఆయనకు కనపడలేదు. వారం గడిచాక ఆ ఇంట్లో కాడి ఉంటుందన్న సంగతి కూడా ఆయన నోటితోనే చెప్పారు.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. గుంటూరు దాకా బస్సు, అక్కడి నుంచి బాపట్లకు రైలు, స్టేషన్ బయట సూర్యలంకకు ఆటోలుంటాయి. ఒక్క టికెట్టే తీసుకోండి. ఇంట్లో చెప్పాల్సింది రైలు కదిలాక ఫోన్లో చెప్పండి.