రెండు గాలుల మధ్య నెల

మా పక్కింటి కాళమ్మ కూతురు మధులత ఎనిమిదో తరగతి. దసరా సెలవులకు బడిలో ఒక పని ఇచ్చి పంపారు. శరదృతువు మీకెందుకు ఇష్టమో ఒక పేజీ రాసుకురావాలట. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. చెట్టు నిండా ఎర్రటి ఆకులు, కింద కుప్పలుగా రాలిన ఆకులు, పక్కన ఉన్నిటోపీ పెట్టుకున్న పిల్ల. సముద్రమొడ్డున ఈ మిన్నీ బే పేటలో పుట్టి పెరిగిన పిల్లకు ఉన్నిటోపీ ఏమిటి, ఎర్రాకులేమిటి? నడిసముద్రంలో ఉన్న మా దీవుల్లో చెట్లకు బుద్ధి పుడితే ఎండాకాలంలో నాలుగు ఆకులు రాలుస్తాయి, పుట్టకపోతే అదీ లేదు.

"ఆంటీ, ఈ సీజన్ మనకి ఉందా? నహీ హై?" అని బడి హిందీ కలిపి అడుగుతూ నా దోసెల పెనం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఉండకేం? దసరాకీ నాగుల చవితికీ మధ్యన ఉంటుంది. మీ అమ్మనడుగు. ఈ మిన్నీ బే మొత్తమ్మీద ఆ కాలమంటే పడిచచ్చేది మీ అమ్మొక్కతే."

"అడిగా. ఒకసారి ఎండ బాగుంటాదంటది. ఒకసారి చేప చవగ్గా దొరుకుతాదంటది. ఇంకోసారి అడిగితే చుప్ బైఠ్ అంది. ఏం రాయను?"

తేలని సంగతంటే నాకు ఒళ్ళు మంట. కూరలో ఉప్పు ఎక్కువైందా తక్కువైందా, ఓడ వస్తుందా రాదా, ఏదో ఒకటి తేలాలి. అలాంటి నేను ఇన్నేళ్ళుగా కాళమ్మ పక్కన కాపురముంటున్నానంటే నన్ను మెచ్చుకోవాలి. ఆ ఇంట్లో ఏదీ తేలదు.

కాళమ్మ మొగుడు పైడిబాబు శ్రీకాకుళం వైపు పల్లె నుంచి తల్లి అసిరమ్మను వెంటబెట్టుకుని దీవులకు వచ్చినవాడు. హట్‌బేలో, ఓడ మీద పోవాల్సిన మరో దీవిలో, ఒక కాంట్రాక్టరు బోటు మీద చేపల వేటకు పోయేవాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే. నైరుతి గాలి పడిపోయి, ఈశాన్యం గాలి ఇంకా ఎత్తుకోని రోజులు కొన్ని ఉంటాయి. సముద్రానికి ఎటు కదలాలో తెలియక ఊరికే పడుంటుంది. అప్పుడు ఇంటికొచ్చేవాడు. వస్తే ఇంటికి సున్నం పడేది, పిల్లకు కొత్త గౌను పడేది, ఆ ఇంట్లో నవ్వులు మా ఇంట్లోకి వినబడేవి. నాగుల చవితికి పుట్టలో పాలు పోశాక మళ్ళీ ఓడెక్కేవాడు. రెండువేల నాలుగులోనూ అలాగే ఎక్కాడు. డిసెంబరులో సునామీ వచ్చింది.

మనిషి దొరకలేదు. ఊరికే దొరకకపోతే ఒక ఏడుపుతో పోయేది, ఇతను పదిచోట్ల దొరికాడు. అల వచ్చినప్పుడు కొబ్బరిచెట్టు ఎక్కుతుండగా చూశానని ఒకడన్నాడు. నేవీ ఓడలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడని ఇంకొకడన్నాడు. రంగత్ బజారులో అచ్చం పైడిబాబే నడిచిపోయాడని ఒకామె ఒట్టు పెట్టి చెప్పింది. కాళమ్మ క్యాంపు క్యాంపుకూ తిరిగింది. రంగత్‌కు బస్సులో నేనూ వెంట వెళ్ళాను. అక్కడున్నది గడ్డం పెంచుకున్న ఒక తమిళాయన. మా మొహాలు చూసి పాపం ఆయనే టీ ఇప్పించాడు.

ఇక దీపావళి సంగతి చెప్పాలి. మా ఉత్తరాంధ్ర జనం దీపావళి రోజు పొద్దుగూకుతూనే వాకిట్లో దివిటీలు కొడతాం. సిప్పీఘాట్ తోటలవాళ్ళు గోగుకాడలు కట్టలు కట్టి అమ్మకానికి తెస్తారు. కాడ చివర నూనెలో ముంచిన పాతగుడ్డ చుట్టి, వెలిగించి, పిల్లల చేత పైకెత్తించి నేలకేసి కొట్టిస్తాం. ఆ వెలుగులో పోయినవాళ్ళు తమ దారి చూసుకుని వెళ్ళిపోతారని పెద్దల మాట. ఆ తర్వాత పిల్లలు కాళ్ళు కడుక్కుని తీపి తింటారు. సునామీ తర్వాత వచ్చిన మొదటి దీపావళికి మా వీధిలో దివిటీ వెలగని వాకిలి లేదు, కాళమ్మది తప్ప.

ఆ సాయంత్రం అసిరమ్మ కాడకు గుడ్డ చుట్టి సిద్ధం చేస్తే, కాళమ్మ దాన్ని లాక్కుని నీళ్ళ బకెట్లో ముంచేసింది.

"నా కొడుకు సీకట్లో తిరుగుతున్నాడే. దారి సూపనీయవా?" అంది అసిరమ్మ.

"బతికున్నోడికి దివిటీ కొడతావా అత్తా? ఇంటికొచ్చే దార్లో ఉన్నోడిని ఎనక్కి తోలేత్తావా?" అంది కాళమ్మ.

నేను మధ్యలో నిలబడ్డాను. అత్త మాట వింటే అత్తదే న్యాయం, కోడలి మాట వింటే కోడలిదే న్యాయం. ఏటేటా ఇదే తంతు. పోనీ ఎవరి నమ్మకం మీద వాళ్ళు నిలబడ్డారా అంటే అదీ లేదు. కొడుకు పోయాడనే అసిరమ్మ ప్రతి దసరాకూ బజారుకు పోయి కోడలికి స్వయంగా గాజులు వేయించుకొచ్చేది. మొగుడు బతికే ఉన్నాడనే కాళమ్మ అతని చొక్కాలన్నీ మొదటి ఏడే క్యాంపులో పంచేసింది. వీళ్ళలో ఎవరు ఏం నమ్ముతున్నారో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు. నా బుర్ర తిరిగిపోయేది.

ఒకటి మాత్రం కళ్ళారా చూశాను. వానలు వెళ్ళేదాకా మూతి ముడుచుకుని తిరిగే కాళమ్మ, ఆశ్వయుజం రాగానే ఇంటికి సున్నం వేసేది. తలకు నూనె రాసుకునేది. ఓడలు ఆగే జెట్టీ వైపు వెళ్ళే పనేమైనా ఉంటే నాకు చెప్పు ఒదినా అని అడిగి మరీ వెళ్ళేది.

ఈసారి మధులత పేజీ పుణ్యమా అని, చేపలు తోముతున్న కాళమ్మ ఎదుట పీట వేసుకుని కూర్చున్నాను.

"అందరూ చచ్చినవాళ్ళను సాగనంపే కాలమిది. నీకెందుకే దీనిమీద అంత మోజు?"

తోమిన చేపను గిన్నెలో వేసి ఇంకొకటి అందుకుంది.

"ఏటో ఒదినా, నాకూ సరిగ్గా తెల్దు. మిగతా నెలల్లో ఆడు రాడని తెలుసు. బతికున్న రోజుల్లోనూ వచ్చీవోడు కాదు కదా. ఈ నెల్లోనే, వత్తాడో రాడో తెల్దు. అలా తెలీకుండా ఉంటే నాకు బాగుంటాది."

బతికున్న రోజుల్లో అని తన నోటితో తనే అంది. అన్నానని ఆమెకు తెలిసిందో లేదో. మధులతకు మాత్రం నేనే చెప్పి రాయించాను, ఎండా వానా సమంగా ఉంటాయి, పండుగలు వస్తాయి అని. టీచరు గుడ్ అని పెట్టింది.

అసిరమ్మ పోయిన ఏడు దసరా వెళ్ళాక చనిపోయింది. చివర్లో చూపు బొత్తిగా ఆనేది కాదు. వీధిలో కరెంటు పోతే భయపడి కోడలి కొంగు పట్టుకునే నడిచేది. ఏడాది కర్మ ఈ మధ్యే అయింది. కాబట్టి ఈ దీపావళికి ఆమెకు దివిటీ చూపించక తప్పదు. తల్లికి కొట్టి కొడుక్కు మానుతుందా, ఇద్దరికీ కొడుతుందా, ఇద్దరికీ మానుతుందా? వీధంతా గుసగుసలే. నేనైతే పెనం దించేసి వాళ్ళ వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

కాళమ్మ అసిరమ్మ పాత చీర చింపి కాడకు చుట్టింది. వెలిగించి కూతురి చేతికిచ్చింది. మధులత దాన్ని పైకెత్తి, "నానమ్మకి" అంది. కొట్టబోతూ ఆగి తల్లి వైపు తిరిగింది.

"నాన్నకి భీ అననా అమ్మా?"

కాళమ్మ గబగబా వెళ్ళి దివిటీ తన చేతిలోకి తీసుకుంది. మాలో పెద్ద ఆడవాళ్ళు దివిటీ పట్టరు. అయినా ఎవరం ఆపలేదు. గుడ్డ కాలుతోంది, నిప్పురవ్వలు ఆమె చేతిమీద పడుతున్నాయి. నేలకేసి కొట్టదు, కింద పెట్టదు. ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అటూ ఇటూ చూసింది. నాకు ఏడుపొచ్చింది. తేలిస్తే తేల్చు తల్లీ అని ఇన్నేళ్ళూ అనుకున్నదాన్ని, ఇప్పుడు తేల్చొద్దని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను.

ఆమె దివిటీని తలకంటే పైకెత్తింది. ఎదురుగా మనిషి నిలబడి ఉన్నట్టే మామూలు గొంతుతో మాట్లాడింది.

"అత్తా, దారి సూసుకుని మెల్లిగా ఎల్లు. ఎల్లాక నీ కొడుకు అక్కడున్నాడేమో ఎతుకు. కనబడితే ఆడి సెయ్యి ఒదలకు, నీకు సీకటంటే బయ్యం."

దివిటీని నేలకేసి కొట్టింది. వెలుగు పోయింది. ఆ చీకట్లో మళ్ళీ ఆమె గొంతే వినిపించింది.

"కనబడినా నాకు మాత్రం సెప్పకు."